మాట అందించని చలికాలం

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటూ ఉండేవారు. అది తిట్టేమీ కాదు, ఆ నోటితోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది. ముప్ఫై రెండేళ్ళపాటు తెర మీద ఎవరెవరో ఏడుస్తుంటే వాళ్ళ ఏడుపు నేను ఏడ్చాను. వాళ్ళు నవ్వితే నేను నవ్వాను. అత్తగార్ల దాష్టీకం, పక్కింటి అమ్మలక్కల దెప్పుళ్ళు, పురిటి నొప్పులు, అన్నీ ఈ గొంతులోంచే వెళ్ళాయి. అలాంటి దాన్ని పట్టుకుని పోయిన ఏడాది కార్తీకం నుంచి ఎండాకాలం సెలవుల దాకా నోరు మూసుకుని కూర్చోమన్నారు. కూర్చున్నాను. దానివల్ల మా ఇంటికి ఏం వచ్చిందో, నాకేం పోయిందో చెబుతాను.

నా పేరు బాలాత్రిపురసుందరి. అంత పొడుగు పేరు పలికే ఓపిక సినిమావాళ్ళకు లేక సుందరమ్మను చేశారు. ఫిల్మ్ నగర్లో మేడ మీద రెండు గదుల వాటా మాది. కొడుకు రవిచంద్ర జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాతగారింట్లో కారు నడుపుతాడు. కోడలు నిహారిక అక్కడికి దగ్గర్లోనే పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఇద్దరూ పొద్దున్నే పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. వాళ్ళ కూతురు వర్ణిక మా వీధి చివర సర్కారు బడిలో మూడో తరగతి. బడి వదిలినప్పటి నుంచి వాళ్ళమ్మ మెట్లెక్కే చప్పుడు వినిపించేదాకా ఆ పిల్ల నాది.

దాని చదువు కూడా నా చేతిలోనే ఉండేది. నా నోట్లో ఉండేదనాలి. ఆదివారం పొద్దున నిహారిక బట్టలు మడత పెడుతూ, తెలుగు వాచకం ముందేసుకుని ఆ వారం పాఠం ఒక్కసారి పైకి చదివేది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినేదాన్ని. ఒక్కసారి వింటే చాలు నాకు. తెనాలి దగ్గర నాటక సమాజంలో పుట్టి పెరిగినదాన్ని, పదకొండేళ్ళకే వేషం కట్టినదాన్ని. సాయంత్రం వర్ణిక పుస్తకం తెరిచి వేలు పెట్టి కూర్చుంటే, నేను ఒక్కో వాక్యం అందించేదాన్ని, అది అందుకునేది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో అన్నీ చెప్పేదాన్ని. రెండు సాయంత్రాలకు పాఠం మొత్తం దానికి నోటికి వచ్చేసేది. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో కూడా దానికి తెలుసు. వేలు వరసల కింద తప్పకుండా నడిచేది. చూసినవాళ్ళెవరూ ఆ పిల్ల చదవడం లేదనుకోరు. నేనూ అనుకోలేదు. చదవడమంటే అదేనని నా నమ్మకం.

ఎందుకంటే నా బతుకంతా అలాగే జరిగింది. మా ఆయన చలపతిరావుగారు సమాజంలో ప్రాంప్టరు. తెర పక్కన నిలబడి, నాటకం పుస్తకం చేత్తో పట్టుకుని, ఎవరు తడబడితే వాళ్ళకు మాట అందించడం ఆయన పని. మద్రాసులో డబ్బింగుకి వెళ్ళినప్పుడూ, సినిమావాళ్ళతోపాటు హైదరాబాదు వచ్చాక కూడా ఆయన నా పక్కనే నిలబడి, కాగితం చూసి, టేకుకు ముందు నా చెవిలో డైలాగు చెప్పేవారు. నాకు అక్షరం ముక్క రాదన్న సంగతి ఆయనొక్కరికే తెలుసు. సంతకం నేర్పారు. అంతకుమించి నీకెందుకు, నేను లేనా అనేవారు. ఆరేళ్ళ కిందట ఆయన పోయారు. ఆ నెలలోనే నాకు పిలుపులు ఆగిపోయాయి. గొంతుకు వయసైపోయిందని అందరూ అన్నారు. నేనూ అదే అని సరిపెట్టుకున్నాను. ఇంట్లో ఎవరైనా కాగితం చేతికిస్తే, కళ్ళు ఆనడం లేదు, నువ్వే చదువు అనడం నాకు అలవాటు.

బాలల దినోత్సవం నాడు వర్ణిక మైకు ముందు పాఠం చదివితే పెద్ద పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని చూశారట. రవిచంద్ర ఫోన్లో వీడియో తీసుకొచ్చి చూపించాడు. దాని గొంతులో నా ఊపిరి ఎక్కడెక్కడ ఉందో నాకు తెలిసింది. ఆ రోజు నాకు మళ్ళీ మైకు దొరికినంత సంబరమైంది.

ఆ వారమే బడికి భువన అనే కొత్త టీచరు వచ్చింది. మోతీనగర్ నుంచి వస్తుందట. వచ్చీ రావడంతోనే ఒక డబ్బా నిండా కార్డులు తెచ్చింది. కార్డుకో చిన్న కథ, అన్నీ ఆవిడ సొంత దస్తూరీ, పుస్తకాల్లో లేనివి. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చేతికొక కార్డు ఇచ్చి చదవమంది. మా వర్ణిక కార్డు పట్టుకుని, కింద వేలు పెట్టి, ఎక్కడా తడుముకోకుండా ఒక కథ చదివింది. అందులో రాజుగారు అలిగి పడుకోవడం, పెసరట్లు వేస్తే లేవడం అన్నీ ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ కార్డులో ఉన్నది మాత్రం బావురుపిల్లి కథ. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి.

ఆ రోజు సాయంత్రం వర్ణిక ఒక మడత పెట్టిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మేడం ఇచ్చింది. నీకే ఇయ్యమంది."

"నా కళ్ళు ఆనడం లేదు. ఏం రాసిందో నువ్వే చదువు."

అది చీటీ విప్పింది. గొంతు సవరించుకుంది. ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, అచ్చం ఆ టీచరు యాసలో ఎత్తుకుంది. "వర్ణిక నానమ్మకు నమస్తే. మీ బిడ్డ మస్తు మంచిగ చదువుతున్నది. క్లాసుల అందరికంటె మంచిగ చదువుతున్నది. మీరు ఇంట్ల మంచిగ చెప్తున్నరు. గిట్లనే చెప్పుండ్రి. పిల్లకు జర పాయసం చేసి పెట్టుండ్రి."

పాయసం దగ్గరైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. పొగడ్త వినేటప్పుడు బుర్ర పనిచేస్తే మనిషెందుకవుతాడు? ఆ పూటే సేమ్యా పాయసం కాచాను. కొడుకూ కోడలూ వచ్చాక చీటీ మొత్తం ఒక్క మాట పొల్లు పోకుండా వాళ్ళకు వినిపించాను. చీటీ ఏదీ అని ఇద్దరిలో ఒక్కరు కూడా అడగలేదు. నేను చెబితే అలా ఉంటుంది మరి.

పదిహేను రోజులకు టీచరే మా మెట్లెక్కి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, భుజాన పెద్ద సంచి, మెడచుట్టూ చున్నీ కప్పుకుని ఉంది. కుర్చీ వేశాను, మంచినీళ్ళు ఇచ్చాను.

"ఒకసారి బడికి రమ్మని చిట్టీ పంపిన గదమ్మా," అంది. "పదిహేను దినాలాయె. మీరు రాలేదని నేనే వచ్చిన."

"రమ్మన్నారా? పాయసం పెట్టమని కదమ్మా రాశారు?"

టీచరు నా ముఖం చూసింది. నేను వర్ణికను చూశాను. వర్ణిక గోడను చూసింది.

ఆవిడ కోప్పడలేదు. సంచిలోంచి ఒక కార్డు తీసి పిల్ల ఒళ్ళో పెట్టింది. "ఒక్క లైను చదువు బిడ్డా. తప్పులు పోయినా ఏం గాదు." వర్ణిక వేలు పెట్టింది. వేలు కదల్లేదు. కళ్ళెత్తి నావైపు చూసింది. స్టేజీ మీద డైలాగు మరిచిపోయినవాడు తెర పక్కకు చూసే చూపు ఒకటుంటుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"పిల్ల భయపడుతున్నట్టుంది," అంది టీచరు. "మొదటి మాట మీరు జర షురూ చేసియ్యండ్రమ్మా, తరువాత తను చదువుతది."

పాపం మంచిగానే అడిగింది. నేను లేచి కళ్ళజోడు వెతికి తెచ్చుకుని పెట్టుకున్నాను. కార్డు చేతిలోకి తీసుకున్నాను. కళ్ళజోడు ఉన్నా లేకపోయినా ఆ గీతలు ఒక్కలాగే ఉన్నాయి. జీవితంలో ఎన్నో అబద్ధాలు ఎంతో బాగా ఆడినదాన్ని, ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు రాదమ్మా," అన్నాను.

"ఏం రాదు?"

"చదవడం."

వర్ణికే ముందు తేరుకుంది. "నీకు కూడా రాదా నానమ్మా?" అంది. దాని ముఖం విప్పారింది. ఇన్నాళ్ళూ తానొక్కతే దాచుకున్న దొంగతనంలో తోడు దొరికినంత సంతోషం ఆ ముఖంలో. నాకు సిగ్గు కన్నా ఆ సంతోషమే ఎక్కువ నొప్పెట్టింది.

టీచరు చాలాసేపు కూర్చుంది. నా సంగతంతా అడిగింది, నేను చెప్పాను. ఆఖరున అంది. "మీ విద్య చిన్నదేం గాదమ్మా. మీకు చెవుల ఉన్నది అది. బిడ్డకు గూడ వచ్చింది. గని చెప్పేటోళ్ళు ఉన్నంతవరకే గద నడుస్తది. వచ్చే ఏడు నాలుగో తరగతి. పుస్తకాలు పెద్దగయితయి. అన్ని ఎవలు అందిస్తరు? గసోంటి పిల్లల్ని నేను చూసిన. అయిదో తరగతి దాక మస్తు హుషారుగ ఉంటరు. ఆరో తరగతిల బడి మానేస్తరు. ఈ ఎండకాలం సెలవుల్లోపల చదువుడు రావాలె ఈమెకు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యొద్దు. గదే మీకు కష్టం."

ఆవిడ పెట్టిన షరతు ఇది. ఒకటి అయ్యాక ఒకటి కార్డులు ఇంటికి పంపుతుంది. ఇంట్లో ఎవ్వరూ దాన్ని పైకి చదవకూడదు. వర్ణిక కూడబలుక్కుని చదువుతుంది. నేను పక్కన కూర్చుని వినాలి. ఆగిపోయినా, తప్పుపోయినా, ఏడ్చినా నేను మాట అందించకూడదు. ఎంతసేపని అడిగాను. ఎంతసేపయితే అంతసేపు అంది.

ప్రాంప్టరు పెళ్ళానికి చెప్పవలసిన మాట కాదు అది. మా సమాజంలో తడబడినవాడికి మాట అందించకపోవడమంటే దాహమన్నవాడికి నీళ్ళు పొయ్యకపోవడమే. కానీ ఆరో తరగతిలో మానేస్తారన్న మాట విన్నాక సరేనన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుక్కీ కోడలికీ నా సంగతి చెప్పేశాను. రవిచంద్ర ముద్ద కలపడం ఆపి తలవంచుకున్నాడు. నిహారిక మాత్రం మజ్జిగ పోస్తూనే ఉంది.

"తెలుసు అత్తయ్యా," అంది.

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"మూడేళ్ళ నుంచి. ఆదివారంపూట ఆ పాఠాలు నేను పైకి చదివేది ఎవరికోసం అనుకున్నారు?"

మజ్జిగన్నం తిని లేచాను.

మర్నాటి నుంచి మొదలైంది మా తపస్సు. మేడ మెట్ల మీద ఎండపొడ ఉన్నచోట చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. మొదటి కార్డులో ఒంటె కథ. ఒక ఒంటె కటింగ్ షాపుకి వచ్చింది. ఆ ఒక్క వాక్యానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. వర్ణిక ఒక అక్షరం పట్టుకునేది, పక్క అక్షరానికి వెళ్ళేసరికి మొదటిది జారిపోయేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేదాన్ని.

"చెప్పు నానమ్మా! నీకు తెల్సు. కావాలనే చెప్తలేవు!"

"ఒట్టు తల్లీ. నాకు తెలీదు."

అది అబద్ధం కాదు. తరవాతి డైలాగు ఏమిటో నాకు తెలియకపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఒంటె కుర్చీలో కూర్చుంది, అక్కడిదాకా వచ్చి పిల్ల ఏడ్చి లేచిపోయింది. ఇక నాకు ఆ ఒంటె ధ్యాసే. అంట్లు తోముతున్నా ఒంటే, పూజ చేస్తున్నా ఒంటే. అంత పొడుగు మెడ వేసుకుని కటింగ్ షాపులో దానికేం పని? మూడో రోజు ఉండబట్టలేక, కార్డు తీసుకుని వంటింట్లో నిహారిక దగ్గరికి వెళ్ళాను. తను ఒక్క చూపు చూసి చెబితే చాలు, నా దాహం తీరిపోతుంది.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదు. ఉప్పు ఎక్కడ పెట్టావో చూద్దామని."

ఉప్పు నా కళ్ళెదురుగానే ఉంది. నిహారిక నవ్వాపుకుంది. నేను కార్డు తెచ్చి మళ్ళీ పిల్ల బడి సంచిలో పెట్టేశాను.

నాలుగో రోజున వర్ణిక పట్టేసింది. ఒంటెకు గడ్డం గీయక్కర్లేదట. మెడ పట్టేసింది, మర్దనా చెయ్యమంది. షాపువాడు నిచ్చెన తెచ్చుకోవాలన్నాడు. 'నిచ్చెన' దగ్గర అది మూడుసార్లు వెనక్కి పోయి, ముందుకొచ్చి, ఒక్కసారిగా ఆ మాట నోట్లోంచి బయటపడగానే, "నానమ్మా, నిచ్చెన! నిచ్చెనెక్కి మర్దనా!" అని అరిచింది. ఇద్దరం చాప మీద పడి నవ్వాం. కింద వాటా బుచ్చమ్మ ఏమైందోనని బయటికొచ్చి చూసింది. నేనెన్ని నవ్వులు నవ్వానో తెర మీద, అలాంటిది ఒక్కటీ లేదు. ఇప్పటికీ సాయంత్రం ఎండ ఆ మెట్ల మీద పడితే నాకు ఆ నవ్వు కావాలనిపిస్తుంది.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు పట్టుకున్న కొద్దీ దాని గొంతులో ఉన్న సొగసు పోయింది. ఎత్తులూ పల్లాలూ, ఆగే చోట్లూ అన్నీ పోయి, రాళ్ళ దారిలో బండి నడిచినట్టు చదివేది. నా చెవికి అది శిక్షలా ఉండేది. అయినా విన్నాను. సంక్రాంతి సెలవుల్లో కూడా మానలేదు.

రథసప్తమి వెళ్ళిన వారంలో ఫోన్ వచ్చింది. డబ్బింగ్ చూసే జగదీశ్. ఆరేళ్ళ తరవాత ఆ గొంతు వినడం.

"సుందరమ్మగారూ, బాగున్నారా అండీ? మీవాడు స్టేటస్‌లో మళ్ళీ పెట్టిన పాప బాలల దినోత్సవం వీడియో చూశాను. అబ్బ, ఏం పలుకండీ! నా దగ్గర ఎనిమిదేళ్ళ పాప వేషం ఉంది. సినిమా అంతా ఉంటుంది. ఆ గొంతు నాకు కావాలండీ."

"చిన్నపిల్ల బాబూ. ఇంకా సరిగా చదవలేదు."

"చదవడం ఎందుకండీ? నేను మీకు ఒకసారి చెప్తాను. మీరు పక్కన నిలబడి అందించండి, చాలు. మీరు లోపలికొచ్చి కూడా చాలా కాలమైంది కదా."

ఆ ఆఖరి మాట అతను అనకుండా ఉండాల్సింది. ఆరేళ్ళుగా పాల ప్యాకెట్టు కోసం, నేను డబ్బింగు చెప్పిన ఆ స్టూడియో గేటు ముందు నుంచే పోతున్నాను. లోపలికి వ్యాన్లు వెళుతుంటే పక్కకు జరిగి నిలబడతాను. వాచ్‌మన్ కూడా మారిపోయాడు, నేనెవరో వాడికి తెలియదు. ఆదివారం వస్తామని చెప్పాను. ఇంట్లో అందరూ సంతోషించారు. రవిచంద్ర అయితే వాళ్ళ సార్‌కి కూడా చెప్పుకున్నాడు.

ఆదివారం గంజిపెట్టిన వెంకటగిరి చీర కట్టుకున్నాను. స్టూడియోలో డబ్బింగు గది తలుపు మూయగానే బయట చప్పుడంతా కోసేసినట్టు ఆగిపోవడం, గోడలకు బట్ట, చల్లటి చీకటి, ఎదురుగా తెర, గాజు అవతల ఇంజనీరు. ఏమీ మారలేదు. నా పక్కన ఎప్పుడూ ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది. నేను వెళ్ళి ఆ చోట నిలబడ్డాను. వర్ణికను నా చోట, స్టూలు మీద నిలబెట్టారు.

జగదీశ్ నా హెడ్‌ఫోన్లో మొదటి రెండు డైలాగులూ చెప్పాడు. మొదటిది నేను దాని చెవిలో అందించాను, ఎక్కడ వణకాలో కూడా చెప్పి. "నిన్న కూడా రేపొస్తాననే అన్నావు నాన్నా." ఒక్క టేకు. తెర మీద పాప పెదవులకు మా పాప మాట అతికినట్టు పడింది. గాజు అవతల ఇంజనీరు బొటనవేలు ఎత్తాడు. నా ఒళ్ళు పులకరించింది. ఇదిగో, ఇలాగే మళ్ళీ బతకొచ్చు, ఇద్దరం కలిసి ఎన్నేళ్ళయినా అనిపించింది.

రెండో డైలాగుకు నేను వంగేసరికి వర్ణిక నా వైపు చూడటం లేదు. స్టాండు మీద పెట్టిన కాగితం చూస్తోంది. వేలు అప్పటికే దాని మీద ఉంది.

"ఉండు నానమ్మా. నేను చూస్తా."

"గు..." అంది. ఆగింది. మళ్ళీ మొదటికొచ్చింది. తెర మీద పాప మాట్లాడి వెళ్ళిపోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. మళ్ళీ వెళ్ళిపోయింది.

"పాపా, నాన్నమ్మ చెప్పింది చెప్పేసెయ్యమ్మా," అన్నాడు జగదీశ్. "అందించండి సుందరమ్మగారూ."

వర్ణిక తలెత్తి నన్ను చూసింది. అదే చూపు. డైలాగు నా నాలుక చివరే ఉంది. 'గుమ్మం దగ్గర చెప్పులెవరివి నాన్నా?' అంతే. దాని చెవిలో ఆ మాట వేస్తే అది దాన్ని పువ్వులా పలుకుతుంది, నేను రేపు మళ్ళీ ఈ చీకటి గదిలోకి వస్తాను, ఎల్లుండి వస్తాను. దాని వేలు ఇంకా కాగితం మీదే ఉంది, తీయలేదు.

నేను నేల చూశాను.

"సుందరమ్మగారూ?"

నేను అందించలేదు. ఎంతసేపైందో తెలియదు. "గు... మ్మం. గుమ్మం. ద... గ్గ... ర," అని మొదలుపెట్టి వర్ణిక చివరిదాకా చదివింది. భావం లేదు, ఊపిరి లేదు, సినిమాకు ఏ రకంగానూ పనికిరాదు. చదవడం మాత్రం చదివింది. అయిపోగానే నావైపు తిరిగి నవ్వింది.

జగదీశ్ మంచివాడు. పాపకు గొంతు కాస్త పట్టినట్టుంది, మళ్ళీ కబురు చేస్తానన్నాడు. ఇద్దరికీ కూల్‌డ్రింకులు ఇప్పించాడు. కబురు రాలేదు. వేరే పాప చేత చెప్పించారని తరవాత విన్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగింది. "నేను చదివిన కదా నానమ్మా?"

"చదివావమ్మా."

"మరెందుకు పంపించేసిండ్రు?"

"వాళ్ళకు కావలసింది వేరేలే తల్లీ. నాకు కావలసింది ఇదే."

ఇంట్లోవాళ్ళకు జలుబని చెప్పాను. స్నానాల గదిలో నీళ్ళు వదిలేసి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆ పూట ఏడ్చింది ఎవరి తరఫునా కాదు.

అక్కడి నుంచి పిల్ల వెనక్కి చూడలేదు. ఉగాది వెళ్ళాక బడిలో చివరి పరీక్ష పెట్టారు, పెద్దవాళ్ళని రమ్మన్నారు. నేనే వెళ్ళాను. భువన టీచరు ఎవరూ చూడని కాగితం తీసి వర్ణిక చేతికిచ్చింది. తొమ్మిది వరసలు. రెండు చోట్ల తట్టుకుంది, ఒక చోట వెనక్కి వెళ్ళి తనే సరిచేసుకుంది. ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. నేను బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"వచ్చేసిందమ్మా," అంది టీచరు రిజిస్టరులో రాసుకుంటూ. "ఇగ ఫికర్ లేదు. కార్డులు గూడ అక్కర్లేదు. సెలవుల్ల మనసులనే చదువుకోమని కథల పుస్తకాలిచ్చిన."

"మనసులోనా?"

"అవునమ్మా. పైకి చదువుడు మొదట్లనే. చదువుడు వచ్చినోళ్ళు మనసులనే చదువుకుంటరు."

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా ఆయన కూడా పేపరు అలాగే చదివేవారు కాబోలు. నేనెప్పుడూ గమనించలేదు.

సెలవులిచ్చిన మొదటి సాయంత్రం మెట్ల మీద చాప వేశాను. వర్ణిక వచ్చి గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. పెదవులు కదల్లేదు. కళ్ళు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వస్తున్నాయి. ఒకచోట ముసిముసిగా నవ్వింది.

"ఏమైందే?"

"ఉండు నానమ్మా. అయినాక చెప్తా."

"పైకి చదవరాదూ? నేనూ వింటాను."

"పైకి చదివితే లేట్ అయితది."

ముప్ఫై రెండేళ్ళు పరాయి పెదవులకు గొంతు అరువిచ్చినదాన్ని కదా, ఒక్క సంగతి అడగకుండా ఉండలేకపోయాను.

"నువ్వలా మనసులో చదువుకుంటుంటే, లోపల ఎవరి గొంతు వినిపిస్తుందే నీకు?"

అది పేజీ మీద నుంచి తలెత్తింది. నన్ను సంతోషపెట్టాలని ఏదో ఒకటి అనేయలేదు. కళ్ళు మూసుకుని, నిజంగానే లోపల విని చూసుకుంది.

"మొన్నటిదాక నీ గొంతే వినిపించేది," అంది. "ఇప్పుడు నాదే."

మళ్ళీ పుస్తకంలో పడిపోయింది. నేను దేవుణ్ణి కోరుకున్నది అదే. కోరుకున్నది దొరికాక గుండెల్లో ఇంత దిగులెందుకో నాకు అర్థం కాలేదు. ఎండ మెట్టు దిగి కింది మెట్టు మీదికి వెళ్ళింది. వర్ణిక పేజీ తిప్పింది. ఆ పేజీలో ఏముందో నాకు తెలియదు.